అల్యూమినియపు పడవపై ఉక్కు పెత్తనము

చేపలవేటకై అల్యూమినియపు పడవను కొన్నవాడు, గాలపు కఱ్ఱలను చేతబట్టుకొనకయే నిలిపియుంచుటకు పడవ అంచున రాడ్ హోల్డర్లు బిగింపదలచినపుడు, నలుదిక్కులనుండి అతనికి లభించు ఉపదేశము ఒక్కటియే: 316 రకపు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవానిని, ఎంత బరువైనవి దొరకిన అంత బరువైనవానిని కొనుము, ఆ ఉక్కు బోల్టులతోనే బిగింపుము, ఇక బ్రదికినన్నాళ్లు వానివంక చూడనక్కరలేదు. దుకాణదారుడు ఈ మాట చెప్పును. రేవులో తలనెరసిన వేటగాడు చెప్పును. పొరుగు పడవవాడు తన పడవపై తళతళలాడు హోల్డరును చూపి మరీ చెప్పును. ఇందఱు ఏకకంఠముగా పలుకు ఈ ఉపదేశము మూలమునందే తప్పని నిరూపింపవలెనని నా సంకల్పము. లోహక్షయమును ఎదుర్కొను శక్తి కొన్న వస్తువునందే ఉన్నదని వీరు తలచుచున్నారు. అల్యూమినియపు పడవపై ఆ శక్తి రెండు లోహములు కలిసికొను చోటున నిర్ణయమగును. ఆ చోట నీరు నిలుచునా జారిపోవునా, ఆ రెండింటి నడుమ విద్యుత్తు పారునా పారదా అను ప్రశ్నలకు సమాధానము లేక ఎంత మేలైన ఉక్కును కొన్నను, నిలుచునది హోల్డరు, నశించునది పడవ.

ఈ నమ్మిక ఎక్కడ పుట్టినదో తెలిసికొన్నచో దాని లోపము బోధపడును. ఫైబరుగ్లాసు పడవలయందు పడవ దేహము విద్యుద్వ్యవహారమున పాలుగొనదు. మన విశాఖ, కాకినాడ తీరములయందలి ఫైబరు పడవకు ఇనుప బోల్టు బిగించినచో తుప్పుపట్టునది ఆ బోల్టే గాని పడవ కాదు. అచ్చట విచారింపవలసిన ప్రశ్న ‘ఈ ముక్క ఎంతకాలము నిలుచును?’ అనునదొక్కటే, ఆ ప్రశ్నకు 316 ఉక్కు యోగ్యమైన సమాధానమే. అందు నూటికి 16 నుండి 18 పాళ్ల క్రోమియము, 10 నుండి 14 పాళ్ల నికెలుతోపాటు 2 లేక 3 పాళ్ల మాలిబ్డినము కలదు. ఉప్పునీట ఉక్కుకు గుంటలు పడకుండ అడ్డుకొనునది ముఖ్యముగా ఈ మాలిబ్డినమే. అది లేని 304 రకము సముద్రముపై కొలదికాలములోనే గోధుమరంగు మరకలు తేలును. ఇంతవరకు వారు చెప్పునది సత్యము. దానిని నేను కాదనను. కాని ఫైబరు పడవలవారు చిరకాలము శ్రమించి సంపాదించిన ఈ వివేకమును అక్షరమైనను మార్పక అల్యూమినియపు పడవలవారికి అంటగట్టుటయే అపరాధము. ఇచ్చట పడవయే లోహము. అదియు ఉప్పునీట మఱియొక లోహముతో జతపడినపుడు మిక్కిలి సులభముగా తన్ను తాను బలిచేసికొను లోహము.

ఉత్తర అమెరికా పశ్చిమతీరమున, వాషింగ్టన్ రాష్ట్రపు ప్యూజెట్ సౌండు మొదలుకొని కెనడాలోని బ్రిటిష్ కొలంబియావరకు, సాల్మను చేపలకై తిరుగు చిన్న పడవలలో అల్యూమినియపువి విస్తారముగా కానవచ్చును. సియాటిల్ పరిసరములయందు కాపురమున్న మన తెలుగువారిలోను ఈ వేటయందు అభిరుచిగలవారు లేకపోలేదు. అచ్చటి వెల్డింగు పడవలకు ప్రక్కరేకు మందము సుమారు 3 నుండి 5 మిల్లీమీటర్లు. సరస్సులకొరకు రివెట్లతో కూర్చిన తేలికపడవలకు 2 మిల్లీమీటర్ల చుట్టుపట్ల. రేకునకు వాడునవి మెగ్నీషియము కలిసిన 5052, 5083, 5086 మొదలగు మిశ్రలోహములు. ఇవి సముద్రజలమున నిలుచుటకే ఉద్దేశింపబడినవి. పనిపడవలు పైభాగమున రంగైనను లేకయే దశాబ్దములు తిరుగుట అందఱెఱిగినదే. అట్టి పడవ తనంతట చెడదు. మనము తెచ్చి దానిపై బిగించినది దానిని చెఱుచును.

చెఱచు విధమెట్టిదో కొంచెము నిదానించి చూడవలెను. గాలి సోకినంతనే అల్యూమినియముపై ఒక ఆక్సైడు పొర ఏర్పడును. మిల్లీమీటరులో లక్షవ వంతునకు మించని ఆ పొరయే దానికి కవచము. గీత పడినను అది మరల తానే అల్లుకొనును. కాని అట్లు అల్లుకొనుటకు ప్రాణవాయువు అందుచుండవలెను, తాకు నీరు మితిమీరిన ఆమ్లముగాని క్షారముగాని కాకుండవలెను. హోల్డరు అంచు క్రింద చిక్కిన ఉప్పునీటిలో ఈ రెండు నియమములును భంగమగును: ప్రాణవాయువు హరించుకొనిపోవును, క్లోరైడు పేరుకొనును, నీరు క్రమముగా ఆమ్లమగును. దీనికి ఉక్కు తోడగుచున్నది. సముద్రజలమున ఈ అల్యూమినియపు మిశ్రలోహములకును 316 ఉక్కుకును నడుమ సుమారు 0.7 నుండి 0.9 వోల్టుల వ్యత్యాసము కలదు. బోల్టు ఆ రెండింటిని లోహముతో కలిపినది. ఉప్పునీరు రెండవ త్రోవను కలిపినది. వలయము పూర్తియై అచ్చట ఒక విద్యుద్ఘటము పనిచేయ నారంభించును. అల్యూమినియము ఆనోడై కరగును; ఉక్కు కాథోడై, అల్యూమినియపు త్యాగముచేతనే మఱింత భద్రముగా మెఱయుచుండును. కావుననే పొరుగువాడు చూపు తళతళ నాకు సాక్ష్యము కాదు. దానికి వెల చెల్లించునది దాని క్రిందనున్న రేకు. హోల్డరును విప్పి చూడుడు: బోల్టు రంధ్రముచుట్టు తెల్లని పిండి, దాని క్రింద గుంటలు, ప్రక్కన రంగు పొక్కులు. ఆ పిండి తాను పుట్టిన లోహముకంటె హెచ్చు చోటాక్రమించునట్టిది గనుక రంగును పైకి లేపును, బోల్టును రంధ్రములోనే బిగదీసి పట్టును. కొన్నియేండ్ల తరువాత విప్పబోవువాని చేతిలో బోల్టు తల తెగి వచ్చును.

ఇది నిన్న మొన్న వెల్లడియైన సంగతి కాదు. 1761లో బ్రిటిషు నౌకాదళమువారు హెచ్.ఎం.ఎస్. అలారం అను యుద్ధనౌక అడుగునకు, కొయ్యను పురుగు తొలువకుండ, రాగిరేకు తాపించిరి. కొలదియేండ్లకే పరీక్షింపగా రాగి బాగుగనే యున్నది. దానిని పట్టియుంచిన ఇనుప మేకులు పెక్కుచోట్ల తినివేయబడి రేకు ఊడిపోయియుండెను. అయితే రాగిరేకునకు చుట్టివచ్చిన గోధుమరంగు కాగితము మేకుకును రేకునకును నడుమ చిక్కుకొనిపోయిన చోట్లమాత్రము మేకులు చెక్కుచెదరక నిలిచినవి. గాల్వానీ కప్పకాళ్లపై ప్రయోగములు చేయకమునుపే, వోల్టా 1800లో తన ఘటమును లోకమునకు తెలుపకమునుపే, ఆ కాగితపు ముక్క రోగమును దాని చికిత్సను ఏకకాలమున చూపినది. మఱియొక నిదర్శనము న్యూయార్కు రేవున నున్నది. 1886లో ప్రతిష్ఠించిన స్వేచ్ఛాప్రతిమయందు రాగితొడుగునకును లోపలి ఇనుప పట్టీలకును నడుమ లక్కలో తడిపిన ఆస్‌బెస్టాసును ఉంచిరి. కాలక్రమమున అది శిథిలము కాగా ఇనుము తుప్పుతో ఉబ్బి, రాగిని పట్టిన రివెట్లను పెల్లగించినది. 1986 శతవార్షికమునకు ముందు జరిగిన జీర్ణోద్ధరణమున ఆ పట్టీలకు బదులు 316ఎల్ ఉక్కును వాడిరి. వాడియు, ఉక్కుకును రాగికిని నడుమ టెఫ్లాను పట్టీని పెట్టిరి. మన దుకాణములు కొనియాడు ఉక్కు ఇంచుమించు ఇదియే. రాగికిని ఈ ఉక్కుకును గల వ్యత్యాసము, అల్యూమినియమునకును ఉక్కుకును గల వ్యత్యాసముకంటె ఎంతో తక్కువ. అంత దగ్గఱి లోహముల నడుమనే అడ్డుపొర ఆవశ్యకమని ఆ శిల్పులు తలచియుండగా, ఇంత దూరపు లోహములను ఒంటినొంటి తాకునట్లు బిగింపుమనువారికి ఆధారమేమి?

ప్రతివాదుల పక్షమున గట్టి యుక్తి ఒకటి కలదు; దానిని గౌరవముతోనే పరిశీలింపవలెను. కాథోడు చిన్నదై ఆనోడు పెద్దదైనపుడు క్షయము మందగించుననుట శాస్త్రసమ్మతము. పడవ విశాలము, బోల్టు అల్పము. కావున భయము లేదందురు. రెండు లోహములును నీట మునిగియున్నచో ఈ యుక్తి చాలవఱకు నిలుచును. కాని రాడ్ హోల్డరు ఉండునది నీటిపైన, అంచుమీద. అచ్చటి తడి కాగితమంత పలుచని పొర; అట్టి పొరలో విద్యుత్తు దూరము పోజాలదు. పడవ ఎంత పెద్దదైనను ఆనోడుగా పనిచేయునది బోల్టుచుట్టునున్న కొలది మిల్లీమీటర్ల వలయము మాత్రమే; నష్టమంతయు అచ్చటనే కేంద్రీకృతమగును. పడవకు రంగు వేసియున్నచో స్థితి మఱింత విషమము. రేకునంతను రంగు కప్పివేయగా, డ్రిల్లు తొలిచిన రంధ్రపుటంచు, స్పానరు జారి గీసిన గీత, ఇవి మాత్రమే నగ్నముగా మిగులును. పెద్ద ఉక్కు హోల్డరు యావత్తును ఆ చిన్న గాయముపై పడును. ఇప్పుడు వారు ఉదాహరించిన వైశాల్యన్యాయమే తలక్రిందులై వారిపై తిరిగినది. అల్యూమినియమునకు మాత్రమే రంగు వేసి ఉక్కును విడుచుట రక్షణ కాదు. పూయదలచినచో మొదట పూయవలసినది ఉక్కు అడుగుభాగమునకు.

పడవకు జింకు ఆనోడులు ఉన్నవి గదా యను సమాధానమును పలుమాఱు విన్నాను. 1824లో హంఫ్రీ డేవీ రాగి అడుగుల నౌకలకు సూచించిన ఈ ఉపాయము గొప్పదే. కాని ఆనోడు తానున్న నీటిలోని లోహమునే కాపాడును. అడుగున మునిగిన జింకు, పైన అంచుమీది హోల్డరు క్రింది తడికి ఏ సహాయమును చేయజాలదు. ఆ రెండు జలముల నడుమ త్రోవయే లేదు.

మా పడవ వారమునకు ఒక్కనాడే నీట దిగును, తక్కిన దినములు ట్రైలరుపై ఆరియుండును అందురు మఱికొందఱు. ఆరియుండుననుట భ్రమ. సముద్రపుటుప్పు వట్టి సోడియము క్లోరైడు కాదు. అందు మెగ్నీషియము క్లోరైడును కలదు. గాలిలో తేమ నూటికి 75 పాళ్లు మించినపుడు మొదటిది తానే చెమ్మగిల్లి కరగును. రెండవదానికి 33 పాళ్లే చాలును. ప్యూజెట్ సౌండు పరిసరములయందు శీతకాలమంతయు ముసురు. పెరటిలో నిలిపిన పడవపై, హోల్డరు అంచు క్రింద చిక్కిన ఉప్పు రాత్రింబవళ్లు తడిగానే యుండును. వేటకు పోయిన దినముకంటె పోని దినములలోనే హెచ్చు క్షయము జరుగుట కవకాశము కలదు. మంచినీటితో పైపైన కడిగినను ఆ సందులోని ఉప్పు కదలదు.

మంచినీటి వేటగాండ్ర అనుభవమును మాత్రము నేను త్రోసిపుచ్చను. మిషిగన్ వంటి మహాసరస్సుల నీటికి విద్యుత్తును పారించు శక్తి సముద్రజలముతో పోల్చినచో నూరవ వంతైనను లేదు. అచ్చట ఉక్కు హోల్డరును తిన్నగా రేకునకు బిగించి ఇరువదియేండ్లు నిశ్చింతగా నున్నవాడు సత్యమే పలుకుచున్నాడు. ఆ సత్యము ఆ నీటిది. దానిని సముద్రతీరమునకు మోసికొనివచ్చి ప్రమాణముగా నిలుపుట తగదు.

ఇక ఉక్కుకంటెను చెడ్డవి కొన్ని ఉన్నవి. ఉక్కువలెనే మెఱయుచు తక్కువ వెలకు దొరకు క్రోమియపు పూత హోల్డర్లు. లోపలనున్నది పలుమాఱు ఇత్తడి. రాగి కలిగిన ఏ లోహమైనను అల్యూమినియమునకు ఉక్కుకంటె ప్రబలశత్రువు. దానిని తాకనక్కరయు లేదు, దానిపైనుండి జారిన నీటిలోని రాగి రేకుపై నిలిచినచో అచ్చటచ్చట వేనవేలు సూక్ష్మఘటములు పుట్టును. అల్యూమినియపు పడవపై ఇత్తడికి, కంచునకు చోటు లేదు.

మఱి ఏమి కొనవలెను? గాజుపోగులు కలిపిన నైలానుతో చేసిన హోల్డర్లను మొదట ఎన్నవలెనని నా నిశ్చితాభిప్రాయము. బ్రిటిష్ కొలంబియాలో తయారగు స్కాటీ హోల్డర్లు ఇట్టివే. ఆ తీరపు సాల్మను పడవలపై ఎక్కడ చూచినను అవి కనబడును. నైలాను విద్యుద్వాహకము కాదు. కావున అసలు కలహమే లేదు. ప్లాస్టికు విఱుగునందురు. లెక్క వేసి చూతము. చేప 5 కిలోల బలముతో దారము లాగుచున్నదనియు, వంగిన కఱ్ఱకొన హోల్డరునకు ఒకటిన్నర మీటరు దూరమున నున్నదనియు అనుకొందము. హోల్డరు అడుగున బోల్టుల నడిమి దూరము 7.5 సెంటీమీటర్లైనచో వెనుక బోల్టులపై పడు లాగుడు సుమారు 100 కిలోలు. గాలము అడుగున బండకు తగులుకొని పడవ ముందునకు సాగినచో అది రెండింతలు మూడింతలు కావచ్చును. 2 మిల్లీమీటర్ల రేకు అంత లాగుడునకు, హోల్డరు ఉక్కైనను నైలానైనను, తానే ముందుగా వంగి చీలును. బలమును నిర్ణయించునది రేకు క్రింద పెట్టు దన్నుపలక. హోల్డరు బరువును చూచి మురియుట వ్యర్థము. ఎండకు నైలాను కాలక్రమమున పెళుసగుననుట నిజమే. అపుడు మార్చుటకు స్వల్పవ్యయము చాలును. గుంటలుపడిన పడవ అంచును మార్చుట ఎట్టిదో వెల్డింగు చేయువానిని అడిగిన తెలియును.

పడవ కట్టించుకొనుచున్నవారికి ఇంతకంటె మేలైన మార్గము కలదు: ప్లాస్టికు లోతొడుగుతో అల్యూమినియపు గొట్టములనే హోల్డర్లుగా కర్మాగారమునందే వెల్డు చేయించుకొనుట. అపుడు బోల్టు లేదు, సందు లేదు, రెండవ లోహము లేదు. వెల్డు సమీపమున 6061 అను అల్యూమినియపు మిశ్రలోహపు గొట్టపు బలము గణనీయముగా తగ్గును గనుక తగిన మందముగలదానిని వాడవలెను. ట్యూనా వంటి భారీ చేపలకై బాహ్యసముద్రమునకు పోవువారికి ఉక్కు హోల్డరు అవసరము కావచ్చును. నేను దానిని నిషేధించుటలేదు. రేకునకు తాకనీయక బిగింపుడనుచున్నాను.

ఆ బిగించుట యందే సమస్తమును ఉన్నది. మొదట కఱ్ఱను హోల్డరులో నుంచి, చేతితో పట్టి, పూర్తిగా వంగినపుడు అది మోటారు మీటకుగాని ప్రక్క కఱ్ఱకుగాని అడ్డుపడకుండునట్లు చోటు నిశ్చయించుకొనవలెను. గుర్తులు పెట్టుటకు పెన్సిలు వాడరాదు. పెన్సిలులోని గ్రాఫైటు ఉక్కుకంటెను హెచ్చు వైరముగల పదార్థము, విమానములపై పనిచేయువారు అల్యూమినియముపై పెన్సిలు గీత గీయకుండుట ఈ కారణముచేతనే. రంధ్రమును బోల్టుకంటె పెద్దదిగా తొలిచి అందు నైలాను గొట్టము దూర్చి, దానిలోనుండి బోల్టును పోనిచ్చినపుడే రంధ్రపుటంచుకును బోల్టుకును స్పర్శ తప్పును. పైనున్న ఉక్కు అంచు క్రింద పాలిథిన్ జాతి గట్టిపలకను, అంచుకంటె కొలది మిల్లీమీటర్లు వెలికి వచ్చునట్లు పరువవలెను. వస్త్రము, తోలు, స్పాంజి వంటివి నీటిని పీల్చి నిలుపునవి గనుక కూడవు. అనేకులు పైన పలక వేసి, క్రింద నట్టు వాషరును రేకునకే తిన్నగా బిగించి, పని ముగిసినదనుకొందురు. దానితో పైన చేసినదంతయు వ్యర్థమగుచున్నది, ఏలయన విద్యుత్తు నట్టు ద్వారా బోల్టులోనికి, బోల్టు ద్వారా హోల్డరులోనికి నిరాటంకముగా పోవును. క్రిందను నైలాను వాషరు పెట్టవలెను. దన్నుపలకకు 5052 రేకుగాని దట్టమైన పాలిథిన్ గాని తగును; పురుగు పట్టకుండ రాగిలవణములు ఎక్కించిన ప్లైవుడ్డు మాత్రము ఎన్నటికిని తగదు, తడిసినపుడెల్ల దానినుండి రాగి ఊరి రేకును తినును. మరలకు టెఫ్‌జెల్ వంటి పూతను పట్టించినచో నీరు చొరదు, బోల్టు పట్టుకొనిపోదు. సందులు మూయుటకు వెనిగరు వాసన వేయు సిలికోనును వాడరాదు. ఆ వాసన అసిటికామ్లముది, అది ఆరునపుడు క్రింద చిక్కుకొని రేకునే పట్టును. పాలియురెథేను సీలెంటు మేలు.

అంచులోనికి దిగు గొట్టపు హోల్డర్లయందు మఱియొక ప్రమాదము కలదు. గొట్టపు అడుగు తెఱచియున్నచో అందు పడిన ప్రతి ఉప్పునీటి చుక్కయు అంచు లోపలి బోలులోనికి, అచ్చటినుండి తేలుటకై నింపిన ఫోములోనికి పోయి, కంటికి కనబడని చోట రేకును నిరంతరము తడిపియుంచును. అడుగు మూసి, సన్నని రబ్బరు గొట్టము తగిలించి, నీరు బయటికి పోవు త్రోవను చూపవలెను. ఈ ఒక్క పని చేయక తక్కినవన్నియు చేసినను ప్రయోజనము సగమే.

పని సరిగా జరిగినదో లేదో తెలిసికొనుటకు ఒకరి మాటను నమ్మనక్కరలేదు. సాధారణపు మల్టీమీటరు ఒక మొనను హోల్డరునకును రెండవదానిని రంగు లేని రేకునకును తాకించి, ప్రతిరోధమును కొలువవలెను. అన్నియు పొడిగా నున్నపుడు వలయము తెగినట్లు చూపినచో బిగింపు సరియైనది. అల్పప్రతిరోధము చూపినచో ఎక్కడనో లోహము లోహమును తాకుచున్నది, విప్పి మరల బిగింపవలెను. ఏటేట వర్షకాలము ముగిసినపుడు మరల ఈ పరీక్ష చేయుట మంచిది, ఏలయన పలక నలిగినను గొట్టము జరిగినను పైకి తెలియదు.

ఇంత చిన్న పలక, నాలుగు నైలాను గొట్టములు, నాలుగు వాషర్లు. వీని వెల హోల్డరు వెలలో స్వల్పాంశమైనను కాదు. అయినను సముద్రతీరపు దుకాణములలో ఉక్కు హోల్డరు పెట్టెను విప్పినచో పలుమాఱు అందు కానవచ్చునది హోల్డరు, ఉక్కు మరలు, రంధ్రము గుర్తించుటకొక కాగితము మాత్రమే. కొనువాడు అల్యూమినియపు పడవవాడో ఫైబరు పడవవాడో అడిగి, మొదటివాడైనచో ఈ సామగ్రి లేక హోల్డరును అమ్మకుండుట అమ్మువాని విధి. తయారుచేయువారు దానిని పెట్టెలోనే చేర్చి, పెట్టెపైన దాని ఉపయోగమును స్పష్టముగా ముద్రించుట వారి విధి. అట్లు చేయునంతవఱకు కొనువాడే దానిని విడిగా అడిగి తెచ్చుకొనవలెను. అడుగక తెచ్చుకొన్న ఉక్కును, ఎంత మేలిజాతిదైనను, పడవపై బిగింపక పెట్టెలోనే యుంచవలెను.